ఆటోలో మధ్య సీటు

నేను చదివింది బియస్సీ. లెక్కలు, ఫిజిక్సు, కంప్యూటర్లు. మూడేళ్ల చదువులో నెత్తురు అన్న మాట ఒక్క పాఠంలోనూ రాలేదు. లోలకం వచ్చింది, కటకాలు వచ్చాయి, ఎందుకో ఇప్పటికీ తెలియని సమీకరణాలు చాలా వచ్చాయి. అయినా దీపాలు పెట్టే వేళకి మా అరుగు మీద నలుగురైదుగురు వచ్చి కూర్చునేవారు, ఒళ్లో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని. కవర్లో రక్తపరీక్ష రిపోర్టు ఉండేది. రిపోర్టు ఇంగ్లీషులో ఉండేది. మా వీధిలో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనే అని అందరూ అనుకునేవారు. నాకూ అంతంత మాత్రమే వచ్చు గానీ, ఆ సంగతి బయటపెట్టుకుంటే పరువేం మిగులుతుందని ఊరుకున్నాను.

మాది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. ఒకవైపు కొబ్బరి, ఒకవైపు జీడితోటలు, గాలి తిరిగితే సముద్రం చప్పుడు. చూడ్డానికి వచ్చినవాళ్లు కోనసీమలా ఉందే అని ఫొటోలు తీసుకుంటారు, తాగడానికి నీళ్లిస్తే మాత్రం వద్దంటారు. మా దగ్గర కిడ్నీల జబ్బు ఇంటింటికీ తెలుసు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండలో పనన్నారు. వచ్చిన పెద్దలందరూ సీసాల్లో మా నీళ్లు పట్టుకుపోయారు. మా బోరు నీళ్లు తిరిగినన్ని ఊళ్లు నేను తిరగలేదు.

అందుకని క్రియాటినిన్ అన్న మాట మా ఊళ్లో ఇంగ్లీషు మాట కాదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె అది. బడి ముఖం చూడని ముసలమ్మలు కూడా తడుముకోకుండా పలుకుతారు. వేరే ఊళ్లలో ఎదురుపడితే భోజనమైందా అని అడుగుతారు, మా వాళ్లు ఎంతుంది అని అడుగుతారు. ఒకటికి అటూ ఇటూ ఉంటే ఆ ఇంట్లో ఆ పూట చేపల కూర. రెండు దాటితే టీవీ సౌండు తగ్గుతుంది. ఇంకా పైకి పోతే పక్కింటివాళ్లే కూర వండి పట్టుకెళతారు. కాలేజీలో అంకె పెరిగితే మంచిది, మా అరుగు మీద తగ్గితే మంచిది. పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క. రెండు చోట్లా కంగారు పడేది మాత్రం నేనే.

ఇదంతా ఎదురింటి తాతతో మొదలైంది. ఊరి బళ్లో క్యాంపు పెట్టి రక్తాలు తీశారు. వారం తిరక్కుండా కాగితాలు వచ్చాయి. తాత తన కాగితం పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. సైన్సు చదివే పిల్లకి నెత్తురు కాగితం చదవడం రాదా అన్నది ఆయన ధీమా. రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాగితం మీద రెండు వరసల్లో అంకెలున్నాయి. ఒక వరస ఆ మనిషికి ఎంతుందో చెబుతుంది, రెండోది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఎంత ఉండాలో చెబుతుంది. నేను రెండో వరస చదివాను. "ఒకటీ పాయింటు రెండు తాతా, బాగుంది" అన్నాను. తాత మా అరుగు మీంచి దిగి వీధి చివర దాకా చెప్పుకుంటూ పోయాడు.

నాలుగు రోజులు ఆయన్ని పట్టుకోలేకపోయాం. ఎండుచేపల పులుసు పెట్టించుకుని తిన్నాడు. చెవులు సరిగ్గా వినబడవు గానీ, పాటలు పెట్టించుకున్నాడు. అయిదో రోజు కొడుకొచ్చి కాగితం చూసి, తండ్రిని పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను చదవాల్సిన వరసలో ఉన్న అంకె వేరు. ఆ సాయంత్రం ఆటో చప్పుడు వినబడగానే నేను వెళ్లి పెరట్లో కూర్చున్నాను. తాత పెరట్లోకే వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన బావి గట్టు మీద కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకుని అన్నాడు:

"ఆ నాలుగు రోజులూ బాగున్నాయమ్మీ. ఇంకో నాలుగు రోజులు అలాగే సెప్పీసుంటే బాగుణ్ణు."

తిట్టి ఉంటే ఆ రోజుతో ఈ పని మానేసేదాన్ని. ఆయన తిట్టకపోవడంతో నాకు దుర్బుద్ధి పుట్టింది. ఎలాగూ చదివేది నేనే, వినేది వాళ్లే. కాగితం మీది అంకెని నేను తగ్గించలేను, మాటనైనా తగ్గిస్తే ఏం పోయింది అనుకున్నాను. అప్పటినుంచి ఎవరొచ్చినా ఒకటే చెప్పేదాన్ని. "పర్వాలేదు. నీళ్లు బాగా తాగండి. ఓసారి పలాసలో చూపించుకోండి." ఆఖరి ముక్క ఎప్పుడూ వదల్లేదు. అది ఉంది కాబట్టి నేను చేసేది తప్పు కాదని నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

నీళ్ల ముక్క మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. వీధి చివరి పిన్ని ఒకరోజు పలాస నుంచి దిగుతూనే నా మీద పడింది. డాక్టరు గ్లాసులు లెక్కపెట్టి తాగమన్నాడట, నేను బిందెలకి బిందెలు తాగమన్నానట. ఈ జబ్బులో కొందరికి నీళ్లూ హద్దేనని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి నీళ్లు తీసేశాను. నా వైద్యం రెండు ముక్కలకి దిగింది.

మనుషులు మాత్రం తక్కువవాళ్లు కారు. కొన్నాళ్లకి నా మాట వినడం మానేసి ముఖం చదవడం మొదలుపెట్టారు. కాగితం చూడగానే పర్వాలేదంటే నిజంగానే పర్వాలేదు. రెండోసారి చూసి అంటే కొంచెం తేడా. పిల్లలేం చేస్తున్నారు అని అడిగానంటే, ఆ మనిషి ఇంక నా జవాబు కోసం ఆగకుండా కవరు సర్దుకుని లేచిపోయేది. ఒకావిడ మా గుమ్మంలో కాలు పెడుతూనే, నా పిల్లల గురించి అడగకమ్మీ అని ముందే చెప్పేసింది. నేను అడగలేదు. అడగకుండా కళ్లజోడు తుడుచుకున్నాను. అదీ కనిపెట్టేసింది.

నేను నిజం చెప్పే మనిషి ఒక్కతే ఉండేది, అది మా అమ్మ. నాన్న చెన్నైలో కట్టుబడి పనుల్లో ఉండేవాడు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మ పలాసలో జీడిపప్పు మీద పొట్టు ఒలిచే పనికి వెళ్లేది. రోజంతా కింద కూర్చుని, చిన్న చాకుతో, పప్పు విరగకుండా ఒలవాలి. రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు అరుగు మీద చదివిన కాగితాల సంగతి అమ్మకి చెప్పేదాన్ని. నా కడుపులో ఉంచుకోలేక చెప్పేదాన్ని గానీ, చెప్పే తీరు మాత్రం వేళాకోళంగా ఉండేది. అంకె ఎంత పైకి పోతే అంత పెద్ద ర్యాంకు. ఫలానా పిన్నికి డిస్టింక్షన్ వచ్చింది. ఫలానా మావ బొటాబొటీగా సెకండ్ క్లాస్. అమ్మ నవ్వేది, వెంటనే తప్పు కదే అనేది, మళ్లీ నవ్వేది. అలా నవ్వకపోతే ఆ అన్నం మాకు దిగేది కాదు. ఈ మాటలు మా గుమ్మం ఎప్పుడూ దాటలేదు.

అమ్మ మాత్రం పరీక్ష చేయించుకోలేదు. క్యాంపు పెట్టిన రోజు పనికి వెళ్లిపోయింది. రెండోసారి పెట్టినప్పుడు ఎవరింటికో పురిటికని వెళ్లింది. అమ్మ కాళ్లు సాయంత్రానికి చెప్పుల్లో పట్టేవి కావు. అడిగితే, పొద్దస్తమానం మఠం వేసుక్కూర్చుంటే నీ కాళ్లూ వాస్తాయి అనేది. నేను పోరాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. రెండో పూట ఎండురొయ్యల ఇగురు వాసనకి అలక తీరిపోయింది. ఊరందరి కాగితాలూ చదివే దాన్ని, మా ఇంటి కాగితం ఒక్కటీ లేదన్న బెంగ లోపల ఉండేది. లేకపోవడమే మంచిదేమో అన్న పిరికితనం కూడా ఉండేది.

ఇక్కడ మా ఆటో గురించి చెప్పాలి. మా ఊరి నుంచి పలాసకి పొద్దున ఒకటే ఆటో. ఏడుగురు పట్టే దాంట్లో పదముగ్గురం వెళ్లేవాళ్లం. నడిపేది నాకు బావ వరస, కాబట్టి నోరు తెరిస్తే వేళాకోళమే. అతను ఎవరినైనా ఎలాగైనా కుక్కుతాడు, మధ్య సీటు జోలికి మాత్రం ఎవరినీ రానివ్వడు. మధ్య సీటు ఆసుపత్రికి వెళ్లేవాళ్లది. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. మెత్తటి సీటు అదొక్కటే, గతుకుల్లో కుదుపు తక్కువ. కాలేజీ పిల్లలం వెనక్కి తిరిగి, కాళ్లు బయటికి వేలాడేసి, నోట్సు పొట్టకి అదుముకుని కూర్చునేవాళ్లం. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ వాళ్లు వెళ్లే రోజులు కాబట్టి మాకు వెనక కూడా చోటు దొరికేది కాదు. మా క్లాసులో మా ఊరి పిల్లల హాజరు ఎందుకు అలా ఉందో లెక్కల మాస్టారికి అర్థమయ్యేది కాదు. మా కిడ్నీలకీ ఆయన పీరియడ్లకీ సంబంధం ఉందని చెబితే నమ్మేవాడూ కాదు.

పలాసలో దిగితే అదొక నెమ్మదైన ఊరు. పలాస ఎక్కడ అయిపోయి కాశీబుగ్గ ఎక్కడ మొదలవుతుందో అక్కడ పుట్టినవాళ్లు కూడా వేలు పెట్టి చూపించలేరు. రైలొస్తే కాసేపు హడావుడి, వెళ్లిపోతే మళ్లీ జీడిపిక్కలు కాల్చే వాసన తప్ప ఏమీ ఉండదు. మాకు ఆ ఊళ్లో వార్తలు చెప్పేది జెరాక్స్ షాపు ఆయన. కాగితం చేతికిస్తే చదవకుండా మిషను మీద పెట్టడు. ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలో, ఎవరి పెళ్లి ఎక్కడ కుదిరిందో, ఎవరి రిపోర్టు ఎన్ని పేజీలు పెరిగిందో ఆయనకి తెలియనిది లేదు. నాలాగే ఆయనా డాక్టరు కాని డాక్టరు. నన్ను చూస్తే, ఈవేళ మీ ఓపీ ఎంతమంది అని అడిగేవాడు.

ఆఖరి ఏడాది, పరీక్షలకి ముందు, ఒక రాత్రి అమ్మ అన్నం వడ్డిస్తూ కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. రిపోర్టే. పైన పేరు, వయసు ఉండే ముక్క లేదు. తనతో పాటు పొట్టు ఒలిచే మనిషిదని, పేరున్న చోట నూనె పడితే చింపేసిందని చెప్పింది. ఆ మనిషికి భయమట, అందుకని అమ్మని చూపించమందట. నాకు అందులో అనుమానించడానికి ఏమీ కనబడలేదు. భయపడేవాళ్లు, కాగితాలు పాడుచేసేవాళ్లు నాకు కొత్తేం కాదు.

ఆ మనిషి ఎదురుగా లేదు. కాబట్టి నా ముఖం దాచుకోవాల్సిన పని లేదు. ఎడం చేత్తో కాగితం పట్టుకుని, సరైన వరసే చూసి, అన్నం నములుతూ అన్నాను:

"ఈవిడికి యూనివర్సిటీ ఫస్టమ్మా. బావకి సెప్పి ఇప్పుడే మధ్య సీటు రిజర్వ్ సేయించుకోమను."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఎప్పటిలాగే ఉంది. పులుసు వేసింది. అంత ఎక్కువుందా అని అడిగింది. నేను ఉత్సాహంగా, అమ్మకి లెక్క చెప్పే పద్ధతిలో, ఎంతుండాలో ఎంతుందో చెప్పాను. కాళ్లు వాస్తుంటాయేమో అడగమన్నాను. ఇన్నాళ్లూ ఏం చేసిందో అని ఆ కనబడని మనిషిని కోప్పడ్డాను కూడా. వెంటనే చూపించుకోవాలి, ఆలస్యం చేస్తే అంతే సంగతులు అన్నాను. ఎవరితోనూ ఎప్పుడూ అంత ఖరాఖండిగా మాట్లాడలేదు. తర్వాత అలవాటు ప్రకారం, ఆవిడకి పిల్లలున్నారా అని అడిగాను.

"ఒక గుంట. సదువుకుంతంది" అంది అమ్మ. కాగితం మడిచి మళ్లీ కొంగున ముడేసుకుంది. "దాని పరీచ్చలు అయ్యేదాకా ఆగొచ్చేటి?"

"పరీక్షలకీ దీనికీ ఏటమ్మా సంబంధం" అని విసుక్కున్నాను. "రేపే ఎళ్లమను."

అమ్మ అలాగే చెబుతానంది. నేను మజ్జిగ పోసుకున్నాను.

మర్నాడు అమ్మ పనికి వెళ్లలేదని నాకు తెలియదు. నేను ముందే ఆటోలో వెళ్లిపోయేదాన్ని, ఆమె తర్వాత మిగతా ఆడవాళ్లతో పాలవ్యానులో వెళ్లేది. ఆ వారంలో జరిగినవన్నీ నేను చూశాను, ఒక్కటీ కనిపెట్టలేదు. భావనపాడు నుంచి ఎండుచేపల మనిషి వస్తే, అమ్మ నాకోసమని కొని, తనకి వాసన పడడం లేదని తినలేదు. అమ్మ వాటా కూడా నేనే తిన్నాను, చాలా సంతోషంగా తిన్నాను. పచ్చడి జాడీ పై అరకి ఎక్కింది. తన కూర విడిగా, ఉప్పు వేయకముందే తీసుకోవడం మొదలుపెట్టింది. అడిగితే నోరు చేదుగా ఉందంది. పలాసలో జెరాక్స్ షాపు ఆయన నా రికార్డు కాపీలు తీస్తూ ఓపీ ఊసెత్తలేదు. కుర్చీ చూపించి, కూర్చోమ్మా అన్నాడు. ఆ షాపులో నేను నిలబడని రోజు అదొక్కటే. పాపం ఈయనకి ఒంట్లో బాగున్నట్టు లేదనుకున్నాను.

ఊరందరూ నా ముఖం చదివేవారని గొప్పగా రాసుకున్నాను కదా. నా ఎదురుగా ఉన్న ముఖం చదవడం మాత్రం నాకు రాలేదు.

సోమవారం పొద్దున ఆటో దగ్గరికి కాస్త ముందే వెళ్లాను. ఆ రోజు మొదటి పరీక్ష. మధ్య సీటు ఖాళీగా ఉంది. ఆసుపత్రివాళ్లు వచ్చేదాకా కాసేపు చదువుకోవచ్చని అందులో కూర్చుని నోట్సు తెరిచాను. బావ టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. ఎప్పుడూ నా నోట్సు లాక్కుని తలకిందులుగా పట్టుకుని చదివేవాడు. ఆ రోజు ఏ వేళాకోళమూ చేయలేదు.

"ఎనక్కి కూకోవే. మీ యమ్మ వస్తంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ ఈ ఆటోకి ఎందుకొస్తుంది అని అడగబోయాను. అంతలో అమ్మ మా సందు మలుపు తిరిగింది. పనికి కట్టుకునే పాత చీర కాదు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. వీధిలో ఎవరి చేతిలో చూసినా నాకు లోపల ఏముందో తెలిసే కవరు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, దొరికిపోయిన పిల్లలా. సోమవారం ఆటోలో చోటు దొరకదు కాబట్టి నేను ఇంకా ముందే బయల్దేరి, ఎవరి బండి మీదో వెళ్లిపోయి ఉంటాననుకుందట. ఆ సంగతి తర్వాత చెప్పింది.

ఊళ్లో నేను అందరికీ అబద్ధం చెబుతానని నా నోటితోనే విన్న మనిషి ఆమె ఒక్కతే. తన కాగితమని ఇస్తే నేను తనకీ పర్వాలేదనే అంటానని తెలుసు. నా నోట్లోంచి నిజం రావాలంటే ఆ కాగితం పక్క మనిషిది కావాలి. అందుకని పలాసలో నాకు తెలియకుండా రక్తమిచ్చి, వచ్చిన కాగితం మీద పేరు చింపింది. నా నిజం నవ్వుతూ విని, నాకు పులుసు వేసింది. రేపే వెళ్లమన్నానని మర్నాడే వెళ్లింది. నేను చెప్పినందుకే వెళ్లింది. కోపం వచ్చింది నాకు. అది అమ్మ మీదో, నా నోటి మీదో, ఆ నీళ్ల మీదో తేల్చుకోలేకపోయాను. ఏడుద్దామంటే పదముగ్గురి ఆటో. దిగి ఆసుపత్రికి తనతో వెళ్దామంటే పదింటికి పరీక్ష. ఒక్క పనికీ నేను పనికిరాను.

దిగి వెనక్కి వెళ్లి, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నాను. అప్పుడే వచ్చి మధ్య సీటులో కూర్చున్న ఎదురింటి తాత జరిగి అమ్మకి చోటిచ్చాడు. ఆయన కొన్నేళ్లుగా ఆ సీటులో మనిషే. ఆటో కదిలింది. నా వీపూ అమ్మ వీపూ ఒకే రేకుకి ఆనుకున్నాయి, మధ్యలో చిన్న కిటికీ. కొబ్బరితోటలు దాటాం. తర్వాత అమ్మ తల తిప్పకుండానే కిటికీలోంచి అడిగింది, బావకీ తాతకీ అందరికీ వినబడేలాగే అడిగింది.

"ఏటే, ఎలాగుందో సెప్పవేటి?"

నోట్సులో అక్షరాలు అలికినట్టయిపోయాయి. నాకు వచ్చిన వైద్యం రెండే ముక్కలు. అవే చెప్పాను.

"పర్వాలేదమ్మా. ఓసారి పలాసలో సూపించుకో."

"అక్కడికే ఎలతన్నాం కదే" అంది అమ్మ.